ఒకే ఇంట్లో రెండు పథ్యాలు

"నాన్నకి గుడ్లు ఎవరు పెట్టారు?"

కొడుకు గొంతు వంటింట్లోంచి హాల్లోకి వినబడింది. అరవలేదు. అరిచినా బాగుండేది. పళ్ల బిగువున వచ్చిన మాట అది.

హాల్లో ఎత్తు కుర్చీలో కూర్చున్న కండక్టరమ్మ ఉలిక్కిపడి వాకర్ మీద చెయ్యి వేసింది. లేవబోయి ఆగింది. ఆపరేషన్ చేసిన కాలు ఎదురుగా స్టూలు మీద చాచి ఉంది. సిటీ బస్సులో టిక్కెట్లు కొడుతూ, బ్రేకు పడ్డప్పుడల్లా తూలుతూ, వయసంతా నిలబడే గడిపేసిన మనిషి ఆమె. అరిగిపోయిన మోకీలు తీసేసి కొత్తది వేశారు. ఇప్పుడు వంటింటి గుమ్మం ఆమెకి పొరుగూరంత దూరం.

"నిన్నే అడుగుతున్నాను. వంట చేసేది నువ్వే కదా?"

"నేనే పెట్టాను," అంది కోడలు.

"ఎవరు పెట్టమన్నారు?"

"మామయ్యగారే. డాక్టరు పథ్యం సడలించాడని చెప్పారు."

"చెప్తే నమ్మేస్తావా? ఒక్క ఫోను చేసి కనుక్కోడానికి నీకు తీరిక లేకపోయిందా?"

గిన్నె మీద మూత పెట్టిన చప్పుడయింది.

"మాంసకృత్తులు తగ్గించమని చిలక్కి చెప్పినట్టు చెప్పానే, మీ ఇంట్లో ఎవరికీ తలకెక్కలేదా అని అడిగాడు డాక్టరు. పూటపూటా గుడ్డు, గిన్నెడు పప్పు, పెరుగు. ఉన్న కాస్త కిడ్నీని కూడా నలిపేశారన్నాడు. నేను తల దించుకుని నిలబడ్డాను."

"దాన్నెందుకురా అంటావు?" కుర్చీలోంచే పిలిచింది కండక్టరమ్మ. "మెల్లగా మాట్లాడు. లోపల మీ నాన్న వింటారు."

నిన్న పొద్దున వాంతి చేసుకుని, బేసిన్ దగ్గర గోడ పట్టుకుని అలాగే ఉండిపోయిన భర్తని ఆస్పత్రికి తీసుకెళ్లి, ఈ మధ్యాహ్నమే వెనక్కి తెచ్చారు. తలుపు చేరవేసిన లోపలి గదిలో ఆయన పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడో, పోతున్నట్టు నటిస్తున్నాడో తెలీదు.

కొడుకు హాల్లోకి వచ్చి తల్లి ఎదురుగా నిలబడ్డాడు. రాత్రంతా ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నట్టున్నాడు, చొక్కా వీపంతా ముడతలు.

"నువ్వు పక్కనే కూర్చుని తిన్నావు కదమ్మా. నీకూ తెలీలేదా?"

ఆమె కొడుకు ముఖంలోకి చూడలేకపోయింది. కాలి మీది దుప్పటి సర్దుకుంది. అతను ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

తెలీలేదా?

వాళ్లిద్దరిదీ క్యారేజీ కాపురమని బస్సు డిపోలో అందరూ వేళాకోళం చేసేవాళ్లు. డిపో ఎదురుగా ఆయన కళ్లజోళ్ల దుకాణం. అద్దాలు అరగదీయడం, ఫ్రేములో బిగించడం ఆయన పని. మధ్యాహ్నం ఆమె బస్సు డిపోలో ఆగగానే ఆయన షట్టరు సగానికి దించేవాడు. ఒకే క్యారేజీ, ఒకే మూత. ఆమె ఆలస్యంగా వస్తే ఆయన ఆకలితో కూర్చునేవాడు తప్ప ముందు తినేవాడు కాదు. అలవాటు అలవాటుగానే ముదిరిపోయింది.

కిందటేడు ఆయన కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది. గుడ్డు వద్దు, చేప వద్దు, పప్పు నామమాత్రం, ఉప్పు చిటికెడు. ఆ రోజే ఆమె కోడలితో చెప్పేసింది: "నాకు వేరే వండకు. ఆయనకి పెట్టేదే నాకూ పెట్టు." ఆయన ఎంత పోట్లాడినా వినలేదు. ఆయన కళ్లెదుట గుడ్డు ఒలుచుకు తినడం ఆమె వల్ల కాలేదు.

అప్పటికి ఎవరికీ నష్టం కనబడలేదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కనబడింది. కుట్లు ఆరాయి, నొప్పి తగ్గింది, కానీ కాలు మాత్రం లేవలేదు. మంచం మీద కాలు చాచి ఎత్తమంటే మడమ పరుపుని అంటిపెట్టుకునే ఉండేది. ఇంటికొచ్చి కసరత్తు చేయించే ఫిజియో అమ్మాయి తొడకి టేపు చుట్టి కొలిచి పెదవి విరిచింది. "తొడ ముందు కండ కరిగిపోతోందమ్మా. కొత్త మోకీలు వేసింది డాక్టరే, కానీ దాన్ని మోయాల్సింది ఈ కండ. కసరత్తు ఒక్కటే చాలదు. గుడ్డు, పప్పు, పెరుగు, పాలు, ఏదో ఒకటి ప్రతి పూటా పడాలి. లేకపోతే ఒళ్లు తన కండని తనే తినేస్తుంది. ఇప్పుడు పట్టకపోతే తర్వాత చాలా కష్టం," అంది.

సరేనని తల ఊపింది కండక్టరమ్మ. ఆ పూటా భర్త తిన్నదే తిన్నది.

ఆ తర్వాతే ఒకరోజు ఆయన బయటినుంచి వస్తూనే చెప్పులు విడవకుండా కబురు చెప్పాడు. పరీక్షలు బాగున్నాయట, డాక్టరు అన్నీ తినమన్నాడట. ఆమె పక్కన కూర్చుని గుడ్డు పగలగొట్టి సగం ఆమె కంచంలో పెట్టాడు. అంత రుచి ఆమె ఎన్నాళ్లకో చూసింది. ఆ రోజునించి ఆకలి తిరిగొచ్చింది. కాలు లేచింది.

కొన్నాళ్లకి ఆయన ఇంట్లో కూడా మేజోళ్లు వేసుకోవడం మొదలుపెట్టాడు. చలేస్తోందన్నాడు. ఓసారి అవి విప్పినప్పుడు చీలమండ చుట్టూ తాడుతో బిగించినట్టు గాడి కనబడింది. చూసింది. అడుగుదామనుకుంది. కోడలు కంచాలు పెట్టింది, ఆయన ఏదో జోకు వేశాడు, అడగలేదు.

కోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి వెళ్లబోయింది. కండక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నిజంగా నమ్మావా?"

కోడలు బాల్కనీ వైపు చూసింది. అవతల కొడుకు ఫోనులో గట్టిగానే మాట్లాడుతున్నాడు.

"మొదటి రోజు నమ్మాను, అత్తయ్యా."

"తర్వాత?"

"తర్వాత ఒకరోజు ఆయన ముఖం ఉబ్బినట్టనిపించింది. అడిగాను. నిద్ర ఎక్కువైందన్నారు. ఫోను చేసి డాక్టర్ని కనుక్కుందామని తీసుకున్నాను కూడా." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "సరిగ్గా అప్పుడే మీరు హాల్లో వాకర్ వదిలేసి నిలబడ్డారు. ఆయన చప్పట్లు కొడుతున్నారు. ఫోను పక్కన పెట్టేశాను."

"నా మీద ప్రేమతోనా?"

"అదీ ఉంది. మీరు మంచం మీద ఉండిపోతే అన్నీ నేనే చెయ్యాలి కదా, ఆ భయం కూడా ఉంది. అబద్ధమెందుకు చెప్పను."

కండక్టరమ్మ ఆ చెయ్యి వదల్లేదు. బాల్కనీ తలుపు తెరుచుకునే చప్పుడికి కోడలు కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

"అక్కతో మాట్లాడాను," అన్నాడు కొడుకు. "సాయంత్రం కారు తీసుకుని వస్తుంది. నాన్న అక్కడే ఉంటారు."

"ఎన్నాళ్లు?"

"డాక్టరు చెప్పినన్నాళ్లు. పథ్యం గట్టిగా చేస్తే ఏమన్నా దిగొస్తుందేమో చూద్దామన్నాడు. దిగకపోతే డయాలిసిస్ మెషీనే."

"ఇక్కడే ఉంచరా. నేను చూసుకుంటాను. ఈసారి కనిపెట్టుకుని ఉంటాను."

"ఎలా చూసుకుంటావమ్మా? నీకు పెట్టాల్సింది ఆయనకి విషం. ఆయనకి పెట్టేది తింటే నువ్వు లేవవు. రెండూ ఒకే ఇంట్లో వండితే మీరిద్దరూ ఒకళ్ల కోసం ఒకళ్లు చచ్చేట్టున్నారు. నాకు ఇద్దరూ కావాలి."

ఆ చివరి మాట దగ్గర అతని గొంతు చిన్నపిల్లాడిదయిపోయింది. ఆమె వాకర్ దగ్గరికి లాక్కుని, రెండు చేతులా ఆనుకుని మెల్లగా లేచింది. కొడుకు పట్టుకోబోతే వద్దంది.

లోపలి గదిలో కళ్లజోళ్లాయన కళ్లు మూసుకునే మాట్లాడాడు.

"నువ్వు బయల్దేరితే వాకర్ చప్పుడు వీధి చివరిదాకా వినబడుతుంది కండక్టరూ. ఇక నిద్రెక్కడ పడుతుంది?"

ఆమె మంచం అంచున కూర్చుని దుప్పటి తొలగించింది. పాదాలు నున్నగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. బొటనవేలితో నొక్కి తీస్తే చిన్న గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఎందుకు చేశారిలా?"

"ఏం చేశాను? అన్నం తిన్నాను."

"అబద్ధం చెప్పారు."

"చెప్పాను." ఆయన కళ్లు తెరిచాడు. "ఒక్క పూటకే అనుకున్నాను. నువ్వు ఆ గుడ్డు తిన్న తీరు చూశాక మర్నాడు నిజం చెప్పలేకపోయాను. ఆ మర్నాడు అస్సలు చెప్పలేకపోయాను."

"నేను అడిగానా మిమ్మల్ని?"

"నువ్వు అడగవు. అదే నీతో వచ్చిన చిక్కు." ఆయన పక్కకి ఒత్తిగిల్లాడు. ఆ కాస్తకే ఆయాసపడ్డాడు. "చూడు. నా కిడ్నీలు ఎలాగూ వెనక్కి రావు. ఇవాళ కాకపోతే రేపు పోయేవే. నీ కాలు అలా కాదు. తిరిగొచ్చే వస్తువు. ఏది బాగుచెయ్యాలో ఏది పక్కన పడెయ్యాలో నాకు తెలీదా? జీవితమంతా చేసిన పని అదేగా."

"మీరు కళ్లజోడు ఫ్రేమా, పక్కన పడెయ్యడానికి?"

ఆయన నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి మానేశాడు.

"అంత లెక్క వేసుకుని ఏమీ చెయ్యలేదులే," అన్నాడు. "నాకూ తినాలనిపించింది. నీతో కూర్చుని, ఒకే కంచంలో చెయ్యి పెట్టి. కిందటేడాదిగా మనిద్దరం రోగిష్టివాళ్లలా తింటున్నాం. విసుగొచ్చింది."

ఆమె ఏడవకూడదనుకుని కిటికీ వైపు తిరిగింది. ఎదురు మేడ మీద ఎవరో బట్టలు దులిపి దండెం మీద వేస్తున్నారు.

"నేనిక ముట్టను," అంది. "ఆ గుడ్డూ వద్దు, పప్పూ వద్దు. ఈ కాలు ఇలాగే ఉండనీ."

ఆయన మోచేతి మీద లేచి కూర్చున్నాడు. పెళ్లయినప్పటినుంచీ ఆమె మీద ఆయన గొంతు లేచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

"అయితే నేను తిన్నది దండగ. నేను పాడైపోయిందీ దండగ, నువ్వు కుర్చీలో కూలబడిపోయిందీ దండగ. అప్పుడు నేను చేసింది ఉత్త బుద్ధితక్కువ పని అవుతుంది. అలా చెయ్యకు. నన్ను వెధవని చెయ్యకు."

ఆయన మళ్లీ వెనక్కి వాలిపోయి, మామూలు గొంతుతో అన్నాడు:

"ఒక తమాషా చెప్పనా? మెషీన్ మీదికి ఎక్కితే మళ్లీ గుడ్లు తినమంటారట. రక్తం శుభ్రం చేసేటప్పుడు బలమంతా దాంతోపాటే పోతుందిట. నిన్న నర్సు చెప్పింది. చూశావా, అప్పుడు మళ్లీ ఒకే క్యారేజీ."

ఏం తమాషా అది, అనుకుంది. కానీ ఆ మాటని గట్టిగా పట్టుకుంది. మెషీన్ అంటే అప్పటిదాకా గుండె గుభేలుమనేది. ఇప్పుడు దాని వెనకాల ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తింటున్న బల్ల కనబడింది. అలా కనబడినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

కాలింగ్ బెల్ మోగింది. ఫిజియో అమ్మాయి. ఈ గొడవలో ఆమెని రావద్దని చెప్పడం ఎవరికీ గుర్తులేదు.

వచ్చిన మనిషిని ఎలా పొమ్మంటారు? కండక్టరమ్మ హాల్లోని దీవాను మీద పడుకుంది. ఆ అమ్మాయి మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, "అదమండమ్మా, మోకాలితో ఆ తువ్వాలుని కిందికి అదమండి," అంది. అదిమింది. తొడ మీద కండ గట్టిపడి పైకి ఉబికింది. తర్వాత కాలు చాచి ఎత్తమంది. ఎత్తింది. వణుకు లేదు.

ఆ అమ్మాయి టేపు తీసి చుట్టింది. ముఖం వెలిగిపోయింది.

"బాగా పట్టిందమ్మా. ఇప్పుడు చెప్తున్నాను, మొదట్లో మీ విషయంలో నాకు భయమేసింది. ఏం మార్చారోగాని, అదే తినండి. ఒక్క పూట కూడా మానద్దు."

కొడుకు కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. వంటింటి గుమ్మంలో ఉన్న కోడలు వెనక్కి తిరిగింది.

"ఇలాగే ఉంటే త్వరలోనే మెట్లు మొదలుపెడదాం," అని ఆ అమ్మాయి టేపు సంచిలో పెట్టుకుంది. "అంకుల్ ఏరండీ? రోజూ పక్కన కూర్చుని బస్సు స్టాపుల పేర్లు అరిచేవారు. ఆయన లేకపోతే బోసిగా ఉంది."

"పడుకున్నారు," అంది కండక్టరమ్మ.

కూతురు వచ్చేటప్పటికి ఎండ గోడమీంచి దిగిపోయింది. ఆమెది చేతిలో పని ఆగని స్వభావం. వస్తూనే తండ్రి బట్టలు సంచిలో సర్దింది, మందులు వేరే కవరులో పెట్టింది, తల్లి పక్కన మాత్రం కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని ఆమెకి తెలుసు.

"అమ్మా, మాది కింది వాటానే. నాన్నకి మెట్ల బాధ ఉండదు. నువ్వు బెంగపడకు," అంది ఎటో చూస్తూ.

కానీ ఈ ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఆపరేషన్ అయ్యాక కండక్టరమ్మని కుర్చీలో మోసుకొచ్చారు. అప్పటినుంచీ ఆమె గడప దాటలేదు. ఆయన ఇక్కడికి రాకూడదు, తను అక్కడికి వెళ్లే వీలు లేదు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

కొడుకు భుజం పట్టుకుని హాల్లోకి వచ్చిన కళ్లజోళ్లాయన గుమ్మం వైపు కాకుండా బల్ల వైపు నడిచాడు.

"మీ అత్తగారికి వడ్డించమ్మా. ఆవిడ తినడం చూసి బయల్దేరతాను," అన్నాడు కోడలితో.

"నాన్నా, ఆలస్యమవుతుంది."

"అవనీ."

కోడలు కంచం తెచ్చింది. అన్నం, గరిటెడు పప్పు, రెండు గుడ్లు, గిన్నెలో పెరుగు. ఆయన ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ముందు ఏమీ లేదు. అంత పెద్ద బల్ల మీద ఒక్క కంచం.

ఆమె గుడ్డు తుంచి నోట్లో పెట్టుకుంది. అది నోట్లో పిండిలా తిరిగింది. మింగుడుపడలేదు. ఆయన కళ్లు ఆమె గొంతు మీదే ఉన్నాయి.

"నమిలి తిను. టిక్కెట్టు చింపినట్టు తుంచి పడెయ్యడం కాదు."

నమిలింది. మింగింది. ఇంకో ముక్క తుంచింది. కన్నీళ్లు కంచంలో పడుతున్నా చెయ్యి ఆపలేదు. కూతురు సంచి పట్టుకుని ముందు దిగిపోయింది. కొడుకు మందుల కవరుతో గుమ్మం బయట నిలబడ్డాడు. పెరుగు సగానికి వచ్చేదాకా చూసి ఆయన లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి వంగాడు.

"నేను ఆ మెషీన్ ఎక్కను," అన్నాడు చెవిలో. "మా అన్నయ్యని వారం వారం డయాలిసిస్‌కి తీసుకెళ్లింది నేనే కదా. చివరికి ఎలా అయిపోయాడో చూసింది నేనే. పిల్లలకి ఇప్పుడే తెలియక్కర్లేదు. నీకు చెప్పకుండా ఇంకోటి దాచకూడదని చెప్తున్నాను."

ఆమె తల తిప్పేసరికి ఆయన గుమ్మం చేరుకున్నాడు. నోటినిండా అన్నం. పిలవలేకపోయింది. మెట్ల మీద ఒక్కో అడుగూ ఆగి ఆగి దిగుతున్న చప్పుడు, మధ్యలో కొడుకు "మెల్లగా నాన్నా" అనడం వినబడి, ఆ తర్వాత అదీ వినబడలేదు. కింద కారు తలుపు పడింది.

కోడలు కంచం తియ్యడానికి వచ్చి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

"ఏమన్నారు అత్తయ్యా, మామయ్యగారు?"

ఏమీ లేదని చెప్పడం తేలిక. నోటిదాకా వచ్చింది కూడా. ఎందుకో ఆ అబద్ధం చెప్పలేకపోయింది.

"మెషీన్ ఎక్కనన్నారు."

కోడలు కుర్చీ వీపు పట్టుకుంది.

"వాడికి చెప్పకు," అంది కండక్టరమ్మ గబగబా. "చెప్తే వాడు కేకలేస్తాడు, ఈయన మొండికేస్తారు. ఆయన ఎవరి మాటా వినరు. నేను వెళ్లాలి. ఎదురుగా నిలబడి అడగాలి. ఆ అమ్మాయి మెట్లు నేర్పిస్తానంది కదా. నేను తింటాను, నువ్వేం పెట్టినా తింటాను. నేను మెట్లు దిగేదాకా ఆగు. అంతే. అప్పటిదాకా ఈ మాట మనిద్దరి మధ్యే ఉండనీ."

కోడలు ఆమె వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. అలిసిపోయినట్టుంది.

"మళ్లీ నన్నే దాచమంటున్నారా, అత్తయ్యా?"

కారు వెళ్లిపోయింది. కొడుకు మెట్లెక్కి పైకి వస్తున్నాడు.